సమాజశాస్త్రం ఆప్షనల్ తెలుగు నోట్స్: ‘మతం – సమాజం’ యూనిట్ ఎలా ఉంది?

సివిల్స్ మెయిన్స్‌ను తెలుగులో రాయాలనుకునే అభ్యర్థులకు సమాజశాస్త్రం ఆప్షనల్‌లో ఎదురయ్యే మొదటి చిక్కు మెటీరియల్‌ది. డిగ్రీ స్థాయి తెలుగు పాఠ్యపుస్తకాలు ఉన్నాయి గానీ, మెయిన్స్ ప్రశ్న కోరే లోతుకు అవి దిగవు; ఆ లోతున్న పుస్తకాలేమో దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. ఈ కొరతను గమనించిన కోచింగ్ సెంటర్లు కొన్ని తమ నోట్స్‌ను తెలుగులో రాయించి, హైదరాబాదు అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల ద్వారా స్పైరల్ బైండింగ్‌తో అమ్మిస్తున్నాయి. అలాంటి ఒక సెట్టులో, పేపర్-1 సిలబస్‌లోని పది యూనిట్లకు పది పుస్తకాలున్నాయి. ఈ సమీక్ష వాటిలో ఎనిమిదవదైన ‘మతం – సమాజం’ పుస్తకానికే పరిమితం. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. అశోక్‌నగర్‌లో ఒకరి నోట్స్ ఇంకొకరి అట్టతో కనిపించడం మామూలే కాబట్టి, అట్ట మీది పేరు కన్నా లోపలి సరుకు ఎలా ఉందో చూడడమే కొనేవారికి ఉపయోగం.

సిలబస్ ఈ యూనిట్‌ను మూడు భాగాలు చేసింది: మతాన్ని గురించిన సమాజశాస్త్ర సిద్ధాంతాలు, మతాచరణల రకాలు, ఆధునిక సమాజంలో మతం. పుస్తకం నూరు పేజీలు దాటుతుంది. అందులో సగానికి పైగా మొదటి భాగానికే పోయింది. ఆ కేటాయింపు సరైనదే. దుర్ఖైమ్, మార్క్స్, వెబర్ అనే ముగ్గురు నాలుగో యూనిట్‌లో ‘ఆలోచనాపరులు’గా ఒకసారి వచ్చేస్తారు. ఎనిమిదో యూనిట్‌లో వారు మళ్లీ రావడానికి కారణం వేరే ఉంది. మతం సమాజాన్ని కలిపి ఉంచుతుందా, అణచివేతను కప్పిపుచ్చుతుందా, మార్పుకు దారి తీస్తుందా అన్న ఒకే ప్రశ్న మీద వారిని ఎదురెదురుగా కూర్చోబెట్టి వాదించనివ్వాలి. ఈ పుస్తకం బలమూ బలహీనతా రెండూ అక్కడే బయటపడతాయి. ఒక్కొక్కరిని విడివిడిగా బాగానే పరిచయం చేస్తుంది గానీ, వారి మధ్య వాదం నడవవలసిన చోట ఒక్కొక్కరికి ఒక్కో చీటీ అంటించి వదిలేస్తుంది: దుర్ఖైమ్ అంటే ఐక్యత, మార్క్స్ అంటే మత్తుమందు, వెబర్ అంటే పెట్టుబడిదారీ విధానం.

మొదటి అధ్యాయంలోని టైలర్ ఆత్మవాదం, ప్రకృతి శక్తుల పట్ల విస్మయం నుంచి మతం పుట్టిందనే మాక్స్ ముల్లర్ ప్రకృతివాదం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 1871లో టైలర్ ప్రతిపాదించిన వాదం ప్రకారం, కలలూ మరణమూ ఆదిమానవుడిలో ఆత్మ అనే ఊహను రేకెత్తించాయి, దాని నుంచే మతం పుట్టింది. పుస్తకం దీన్ని శుభ్రంగా వివరించి, ఈ వాదం మతాన్ని ఒంటరి మనిషి బుర్రలో పుట్టిన ఆలోచనగా చూసిందే తప్ప సమూహాన్ని పట్టించుకోలేదన్న విమర్శతో ముగించింది. తరువాతి అధ్యాయానికి ఇది చక్కని వంతెన.

దుర్ఖైమ్ అధ్యాయంలో నిర్వచనం సరిగా ఉంది. పవిత్రమైన వస్తువులకు సంబంధించిన విశ్వాసాలూ ఆచరణలూ కలిసిన వ్యవస్థ మతమనీ, వాటిని పాటించే వారందరినీ అది ఒకే నైతిక సమూహంగా కూడగడుతుందనీ చెప్పే ఆ వాక్యాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఎందుకుందో వివరించిన తీరు అభ్యర్థికి నిజంగా పనికొస్తుంది. అయితే అదే పేజీలో ‘దుర్ఖైమ్ ఆస్ట్రేలియా వెళ్లి అరుంటా తెగ మధ్య నివసించి పరిశోధన చేశాడు’ అని ఉంది. ఇది పూర్తిగా తప్పు. ఆయన ఆస్ట్రేలియాలో అడుగు పెట్టలేదు. అక్కడి తెగలను అధ్యయనం చేసిన స్పెన్సర్, గిల్లెన్ వంటి వారు సేకరించి ప్రచురించిన వివరాల ఆధారంగా పారిస్‌లోనే కూర్చుని 1912 నాటి తన గ్రంథాన్ని రాశాడు. ఇది చిన్న పొరపాటుగా కనిపించవచ్చు గానీ, ఇతరుల క్షేత్ర పరిశోధన మీద ఆధారపడ్డాడన్నదే ఆయన మీద వచ్చిన ముఖ్య విమర్శల్లో ఒకటి. ఆస్ట్రేలియా వెళ్లాడని రాసిన అభ్యర్థి ఆ విమర్శను రాయలేడు, రాస్తే తన జవాబును తానే ఖండించుకున్నట్లవుతుంది.

ఈ అధ్యాయంలో ఉదాహరణగా కుంభమేళా మీద ఒక బాక్సు ఇచ్చారు. అది చెడ్డ ఉదాహరణ కాదు గానీ, తెలుగులో రాసే పుస్తకానికి మేడారం చేతికి అందేంత దగ్గరలో ఉంది. ములుగు జిల్లాలో రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే సమ్మక్క–సారలమ్మ జాతరలో విగ్రహాలు లేవు. కన్నెపల్లి నుంచి సారలమ్మనూ, చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో సమ్మక్కనూ కోయ పూజారులు గద్దెల మీదికి తీసుకువస్తారు. సమ్మక్క గుట్ట దిగే వేళ జిల్లా పోలీసు అధికారి గాలిలోకి కాల్పులు జరిపి స్వాగతం పలకడం ఆనవాయితీ. గద్దె దగ్గర భక్తులు సమర్పించే బెల్లాన్ని ఎవరూ బెల్లమనరు, బంగారమంటారు. మొక్కుకున్న మనిషి బరువుకు సరితూగే బెల్లమైతే అది నిలువెత్తు బంగారం. కిరాణా కొట్టులో తూచి అమ్మిన బెల్లమే జంపన్న వాగు దాటేసరికి మరొకటి అయిపోతుంది. ఆ మార్పు బెల్లంలో లేదు, అక్కడ చేరిన జనం దాన్ని చూసే చూపులో ఉంది. అరుంటాలు పవిత్రంగా చూసుకునే చురింగా కూడా మామూలు చెక్కముక్కో రాయో. దాని మీది తెగ గుర్తు వల్లనే అది ముట్టరానిదైంది. పవిత్రత వస్తువు నుంచి రాదు, సమూహం దానికి ఆపాదిస్తుందన్న దుర్ఖైమ్ మాటకు భరిణె, బెల్లం కన్నా పట్టుకుని చూపగల సాక్ష్యం ఇంకేం కావాలి?

మేడారం దుర్ఖైమ్‌ను సమర్థించి ఊరుకోదు, ఇబ్బంది పెడుతుంది కూడా. మౌఖిక కథనం ప్రకారం, కరువు కాలంలో కప్పం కట్టలేని కోయలు కాకతీయ సైన్యంతో పోరాడి నేలకొరిగారు. అంటే నేడు అందరినీ ఒకచోట కలుపుతున్న జాతర, ఒకప్పుడు పాలకుడికీ పాలితుడికీ మధ్య తెగిన సంబంధపు జ్ఞాపకం. ‘ఒకే నైతిక సమూహం’ అన్న మాట ఒక్కటే దీన్ని వివరించలేదు. ఇక్కడికి వచ్చేసరికి మార్క్స్ అవసరం తనంతట తానే పడుతుంది. పుస్తకంలో మాత్రం దుర్ఖైమ్ అధ్యాయం ‘ముగింపు’ అనే శీర్షిక కింద నాలుగు వాక్యాలతో ఆగిపోయి, మార్క్స్ అధ్యాయం కొత్త పేజీలో అసలు సంబంధం లేనట్లు మొదలవుతుంది.

మార్క్స్ అధ్యాయం ఈ పుస్తకంలో అన్నిటికన్నా పొట్టిది, తొందరగా రాసినది కూడా. 1844లో అచ్చైన, హెగెల్ హక్కుల తత్వశాస్త్రం మీద మార్క్స్ రాసిన విమర్శకు ఉపోద్ఘాతం నుంచి ఒకే ఒక్క మాట తీసుకున్నారు: మతం ప్రజల మత్తుమందు. ఆ మాటకు ముందున్న వాక్యాలను వదిలేశారు. మతపరమైన వేదన నిజమైన వేదనకు వ్యక్తీకరణ, అదే సమయంలో ఆ వేదన మీద నిరసన కూడా అని మార్క్స్ అక్కడ అన్నాడు. మతాన్ని అణగారిన జీవి నిట్టూర్పు అనీ, హృదయం లేని లోకానికి హృదయమనీ అన్నాడు. ఈ వాక్యాలను వదిలేస్తే మార్క్స్ మతాన్ని మోసంగా కొట్టిపారేసినవాడుగా మిగులుతాడు. కలిపి చదివితే నొప్పి నిజమే, దానికి మందే తప్పు అన్నవాడుగా కనిపిస్తాడు. నిరసన అన్న మాటను మెయిన్స్ జవాబులో వాడుకోగలిగితే తరువాతి అడుగు సులువవుతుంది. 1525 నాటి జర్మన్ రైతుల తిరుగుబాటుకు మత భాషలోనే నాయకత్వం వహించిన థామస్ ముంజర్ గురించి మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ ప్రత్యేకంగా రాయడం, తొలి క్రైస్తవాన్ని అణగారినవారి ఉద్యమంగా ఆయన చూడడం, తరువాతి కాలంలో పేదల విముక్తిని మత కర్తవ్యంగా చూసిన లాటిన్ అమెరికా విమోచన దైవశాస్త్రం ఇవన్నీ మార్క్సిస్టు సంప్రదాయం లోపలే ఉన్న వాదాన్ని చూపిస్తాయి. పుస్తకంలో వీటిలో ఏ ఒక్కటీ లేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ లక్షలాది అనుచరులతో బౌద్ధం స్వీకరించడం గురించి కూడా ఇక్కడ ఒక్క మాట లేదు. పేపర్-2 పుస్తకంలో ఉంటుందని సర్దిచెప్పుకోవచ్చు గానీ, మతం అణచివేతకు సాధనమా, విముక్తికి మార్గమా అని చర్చించే అధ్యాయంలో ఆ సంఘటన లేకపోవడం లోపమే.

వెబర్ అధ్యాయంలో శీర్షిక తప్పుదోవ పట్టిస్తుంది, పాఠం మాత్రం బాగుంది. ‘ప్రొటెస్టెంట్ మతమే పెట్టుబడిదారీ విధానానికి జన్మనిచ్చింది’ అని శీర్షికలో రాసినవారే, లోపల మూడు పేజీల్లో వెబర్ వాదాన్ని ఓపికగా నడిపించారు. ఎవరికి మోక్షమో దేవుడు ముందే నిర్ణయించేశాడని ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ బోధ. తాను ఎంపికైనవాడో కాదో తెలియని భక్తుడికి అది భరించరాని ఆందోళన. వృత్తిలో నిరంతర శ్రమ, ఆ శ్రమతో వచ్చే విజయం దైవానుగ్రహానికి గుర్తు కావచ్చన్న ఊరట. సంపాదించినదాన్ని విలాసాలకు ఖర్చు పెట్టరాదన్న నిగ్రహం. దాంతో మిగులు తిరిగి వ్యాపారంలోకే వెళ్లడం. ఈ వరుసను బాణం గుర్తులతో గీసిన బొమ్మ పరీక్షలో ఒకటిన్నర నిమిషంలో వేయదగినది. అయితే 1904–05లో ఈ వ్యాసాలు రాసిన వెబర్, మార్క్సిస్టుల ఏకపక్ష భౌతిక వివరణ స్థానంలో అంతే ఏకపక్షమైన ఆధ్యాత్మిక వివరణను పెట్టడం తన ఉద్దేశం కాదని చివరలో స్పష్టంగా చెప్పాడు. ఆయన చెప్పింది ఒక మత నైతికతకూ ఒక ఆర్థిక దృక్పథానికీ మధ్య కుదిరిన పొత్తు గురించే గాని, తల్లీబిడ్డల సంబంధం గురించి కాదు. శీర్షికను మాత్రమే గుర్తు పెట్టుకునే అభ్యర్థులు ఎక్కువ కాబట్టి ఈ శీర్షిక మారి తీరాలి.

వెబర్ భారతీయ మతాల మీద రాసినదాన్ని, అంటే ఇక్కడి మతాలు ఈ లోకపు ఆర్థిక హేతుబద్ధతను ప్రోత్సహించలేదన్న వాదాన్ని, నోట్స్ ఒక పేరాలో చెప్పి దానికి జవాబు లేనట్లు వదిలేసింది. మద్రాసు పారిశ్రామికవేత్తల మీద మిల్టన్ సింగర్ చేసిన అధ్యయనం ఆ జవాబుల్లో ఒకటి. ఇంట్లో ఆచారం, ఫ్యాక్టరీలో ఆధునికత అన్న రెండింటినీ వేర్వేరు అరల్లో పెట్టుకుని వారు ఏ ఇబ్బందీ లేకుండా పని నడుపుకున్నారని సింగర్ చూపించాడు. పూజ గదిలో లక్ష్మీ కుబేర యంత్రం, పక్క గదిలో జీఎస్టీ రిటర్నులు ఉన్న తెలుగు వ్యాపారి ఇంటిని చూసిన వారెవరికైనా ఇది కొత్త విషయం కాదు.

పుస్తకంలో అన్నిటికన్నా బాగా రాసిన అధ్యాయం మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీది. ఇది రాసిన వ్యక్తి వేరేమో అన్న అనుమానం కలిగేంత తేడా ఉంది. పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ ద్వీపవాసులు లోతు లేని, ప్రమాదం లేని మడుగులో చేపలు పట్టేటప్పుడు తమ నైపుణ్యాన్నే నమ్ముకుంటారు. నడిసముద్రంలోకి వెళ్లేటప్పుడు మాత్రం విస్తృతమైన మంత్రతంత్రాలు చేస్తారు. మనిషి అదుపులో లేని అనిశ్చితి ఉన్నచోట క్రతువు పుడుతుందన్న ఈ వాదానికి పుస్తకం హైదరాబాదు శివార్లలోని చిలుకూరు బాలాజీ ఆలయాన్ని ఉదాహరణగా తీసుకుంది. కోరిక చెప్పుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, అది తీరాక వచ్చి 108 ప్రదక్షిణలు, హుండీ లేని గుడి, ‘వీసా బాలాజీ’ అన్న పేరు ఇవన్నీ ఇచ్చి, అసలు ప్రశ్న వేసింది: పాస్‌పోర్టు కోసం ఇన్ని ప్రదక్షిణలు ఎవరూ చేయరెందుకు? కాగితాలు సరిగా ఉంటే పాస్‌పోర్టు వస్తుందని తెలుసు. కాన్సులేట్ కిటికీ అవతలి అధికారి ఏమంటాడో, హెచ్-1బీ లాటరీలో పేరు తగులుతుందో లేదో తెలియదు. మడుగుకూ నడిసముద్రానికీ ఉన్న తేడాను ఇంత తేటగా ఇంగ్లీషు నోట్స్‌లో కూడా చూడలేదు.

దీని పక్కనే నెల్లూరు రొట్టెల పండుగను పెట్టి ఉంటే అధ్యాయం ఇంకా నిండుగా ఉండేది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో నిలబడి హిందువులు, ముస్లింలు రొట్టెలు మార్చుకుంటారు. పోయినసారి కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు దాన్ని తీసుకుని తింటారు. పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె, ఆరోగ్య రొట్టెలతో పాటు వీసా రొట్టె కూడా వచ్చి చేరింది. ఏ రొట్టె కోసం జనం వెతుకుతున్నారో చూస్తే ఆ కాలపు అనిశ్చితి ఎక్కడుందో తెలుస్తుందని మలినోవ్‌స్కీ అనేవాడు. మోకాళ్ల లోతు నీళ్లలో ముక్కూముఖం తెలియనివాడి చేతి రొట్టె తినడంలోని బంధాన్ని దుర్ఖైమ్ ముందు చూసేవాడు. ఒకే చెరువు గట్టున ఇద్దరూ నిలబడి వాదించుకునే అవకాశం ఇది.

ఈ అధ్యాయంలో నిజంగా లేనిది మరో మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఎదురువాదం. ఆందోళన వల్ల క్రతువు పుట్టిందని మలినోవ్‌స్కీ అంటే, క్రతువే ఆందోళనను పుట్టిస్తుందని రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అన్నాడు. చేయవలసిన విధిని చేయకపోతే ఏమవుతుందోనన్న భయం, ఆ విధి లేని సమాజంలో ఉండదు. ఈ ఇద్దరి వాదాలనూ జార్జ్ హోమన్స్ 1941లో ఒక వ్యాసంలో సమన్వయం చేశాడు. ప్రదక్షిణల లెక్క మధ్యలో మరిచిపోయి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టే భక్తుడి కంగారు వీసా గురించినది కాదు, లెక్క గురించినది. రాడ్‌క్లిఫ్-బ్రౌన్ చెప్పింది ఆ కంగారు సంగతే.

ఎం.ఎన్. శ్రీనివాస్ 1952లో ప్రచురించిన కూర్గ్ అధ్యయనానికి ఇచ్చిన పేజీలు కూడా మెచ్చుకోదగినవే. కూర్గ్ వాసులైన కొడవల ‘ఒక్క’ అనే పితృవంశ ఉమ్మడి కుటుంబం నుంచి ఊరు, నాడు దాకా ఒక్కో స్థాయిలో ఏ పండుగ ఎవరిని కలుపుతుందో వివరించి, కింది కులాలు పై కులాల ఆచారాలను అనుసరించడమనే సంస్కృతీకరణ భావన అక్కడి నుంచే ఎలా రూపు దిద్దుకున్నదో చూపించారు. శ్రీనివాస్ ఆక్స్‌ఫర్డ్‌లో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ దగ్గర పనిచేసిన సంగతి ఇక్కడ ఉంది గానీ, వెనుక అధ్యాయంలో రాడ్‌క్లిఫ్-బ్రౌనే లేకపోవడంతో అది పాఠకుడికి అతకదు. దుర్ఖైమ్ తరహా వాదం మీద మెర్టన్ విమర్శకు అర పేజీ ఇచ్చారు: ఒకే మతమున్న చిన్న తెగ నుంచి తీసిన సూత్రాన్ని అనేక మతాలున్న సమాజానికి అన్వయిస్తే, కలపవలసిన మతమే విడదీయడం కనిపిస్తుందన్నది దాని సారం. అర పేజీ చాలు.

మతాచరణల రకాల మీది రెండో భాగం ఒక పట్టికగా ఉంది. చర్చి, శాఖల తేడా ట్రోల్ష్ నుంచి వచ్చిందని, మొదటి తరంలో శాఖగా మొదలైనది రెండో తరానికి స్థిరపడిన సంస్థగా మారుతుందని నీబర్ అన్నాడని చెప్పి ముగించారు. దీనికి అంతకన్నా అవసరం లేదు.

పుస్తకం బాగా కుంగిపోయినది లౌకికీకరణ దగ్గర. రాజ్యాంగపు లౌకికవాదాన్నీ, సమాజంలో మతం ప్రాముఖ్యం తగ్గే ప్రక్రియనూ కలిపేసి, 1976 నాటి 42వ సవరణ, అధికరణలు 25 నుంచి 28 వరకు అన్నీ ఇక్కడ కుమ్మరించారు. అది పాలిటీ పేపర్‌కు కావలసిన సమాచారం. ఒక రాజ్యం ఏ మతాన్నీ పట్టకుండా ఉండి, దాని పౌరులు మునుపటికన్నా ఎక్కువగా గుళ్లకు వెళ్లవచ్చు. మన దగ్గర జరుగుతున్నది ఇంచుమించు అదే. సమాజశాస్త్రంలో వాదం వేరే చోట ఉంది. మతపరమైన ఆలోచన, ఆచరణ, సంస్థలు సామాజిక ప్రాముఖ్యాన్ని కోల్పోవడమే లౌకికీకరణ అని 1966లో బ్రయన్ విల్సన్ నిర్వచించాడు. పీటర్ బర్గర్ 1967లో అదే దిశలో రాసి, 1999 నాటికి ప్రపంచం ఎప్పటిలాగే తీవ్రమైన మతావేశంతో ఉందని, తన పాత వాదం పొరపాటని ఒప్పుకున్నాడు. ఈ నోట్స్‌లో బర్గర్ 1967 దగ్గరే ఆగిపోయాడు. బ్రిటన్‌లో చర్చికి వెళ్లకుండానే నమ్మేవారి గురించి గ్రేస్ డేవీ చెప్పిన మాట, అమెరికా అధ్యక్షుల ప్రమాణ స్వీకారాల్లో రాబర్ట్ బెల్లా చూసిన పౌర మతం కూడా లేవు. 1940లో ముదునూరులో మొదలై తరువాత విజయవాడకు మారిన గోరా నాస్తిక కేంద్రం గురించి ఒక వాక్యం రాసినా తెలుగు అభ్యర్థికి చేతిలో ఒక స్వంత ఉదాహరణ ఉండేది. మౌలికవాదం మీద రెండు పేరాలు ఉన్నాయి; అవి 1979 ఇరాన్ విప్లవంతో మొదలై దానితోనే ముగుస్తాయి. ఆ పేరు 1910ల నాటి అమెరికా ప్రొటెస్టెంట్ల నుంచి వచ్చిందన్న సంగతి లేకపోవడం వల్ల, మౌలికవాదం ఒకే మతం సొత్తు అన్న అభిప్రాయం చదువరికి కలుగుతుంది.

ముద్రణ విషయానికొస్తే అక్షరం పెద్దదిగా, అంచులు విశాలంగా ఉన్నాయి. పక్కన రాసుకోవడానికి వీలుంది. ఒకే వ్యక్తి పేరు ఒక చోట దుర్ఖైమ్, ఇంకో చోట డర్కీమ్, బొమ్మ కింద దుర్ఖేం అని ఉండడం మాత్రం చికాకు. విషయసూచిక ఉన్నా పేజీ నంబర్లు తప్పాయి.

చివర ఇచ్చిన నమూనా జవాబుల్లో రెండే చదవదగినవి. ‘మతం సామాజిక మార్పుకు అడ్డంకా, ప్రేరకమా’ అన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబు మొదట దుర్ఖైమ్, మార్క్స్‌లను అడ్డంకి వైపు, వెబర్‌ను ప్రేరకం వైపు నిలబెట్టి ‘రెండూ నిజమే’ అని ముగుస్తుంది. మార్కులు ఆ ముగింపుకు రావు. ఏ పరిస్థితుల్లో మతం ఒక వైపు, ఏ పరిస్థితుల్లో ఇంకో వైపు పనిచేస్తుందో చెప్పినప్పుడు వస్తాయి: నిరసనకు వేరే దారులన్నీ మూసుకుపోయిన చోట ముంజర్ వంటివారు మత భాషలో మాట్లాడారు, పాలకుడే మతపెద్దకు పోషకుడైన చోట ఆ భాష విధేయతను నేర్పింది. ఈ రెండు వాక్యాలను మీ కాపీలో ఆ జవాబు కింద రాసుకోండి.

మొత్తం సెట్టు కొనమని షాపువాళ్లు పట్టుబట్టినా, అడిగితే ఈ యూనిట్‌ను విడిగా ఇస్తారు. మలినోవ్‌స్కీ, వెబర్, కూర్గ్ అధ్యాయాల కోసం కొనవచ్చు. దుర్ఖైమ్ అధ్యాయంలో ఆస్ట్రేలియా ప్రయాణాన్ని పెన్నుతో కొట్టేసి చదవండి. మార్క్స్‌కూ, లౌకికీకరణకూ మాత్రం ఇంగ్లీషు పుస్తకం తెరవక తప్పదు.